బండి మీద దూరాభారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక పాఠకుడు): దసరా సెలవుల్లో నేనూ నా భార్యా 150 సీసీ బండి మీద హంపి చూసి రావాలనుకుంటున్నాము. పీలేరు, మదనపల్లె, కదిరి, అనంతపురం, బళ్లారి మీదుగా దారి ఎంచుకున్నాను. తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి హంపి పక్కనున్న హోసపేటలో ఉండవచ్చునని మిత్రులు అంటున్నారు. ఇది సాధ్యమేనా?

జవాబు: సాధ్యం కావచ్చు గాని, నేను మాత్రం ఆ సలహా ఇవ్వను. మీరు చెప్పిన దారి 450 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. మీ మిత్రులు ఆ దూరాన్ని ఖాళీ రోడ్డు మీద బండి అందుకునే వేగంతో భాగించి లెక్క చెప్పారు. ఊరూరా ఉండే స్పీడ్ బ్రేకర్లు, పెట్రోలు బంకు దగ్గర ఆగడం, టిఫిను, టీ, దారి తప్పి వెనక్కి తిరగడం అన్నీ కలుపుకుంటే, ఇద్దరు కూర్చున్న బండికి గంటకు 40 కిలోమీటర్ల సరాసరి పడితే అది బాగా నడిచినట్టే. ఆ లెక్కన మీ ప్రయాణం 11 గంటలు దాటుతుంది. దూర ప్రయాణం అలవాటు లేనివారు రోజుకు 7 గంటలకు మించి జీను మీద కూర్చోకూడదన్నది నా అభిప్రాయం. ఎనిమిదో గంట నుంచి కళ్లు రోడ్డును చూస్తున్నా మనసుకు అది ఆలస్యంగా అందుతుంది. కాబట్టి మొదటి రోజు అనంతపురంలో రాత్రి బస చేయండి. ఉదయం 6 గంటలకు బయలుదేరినవారు మధ్యాహ్నం ఎండ ముదిరేలోపో, ముదిరిన కొద్దిసేపటికో అక్కడికి చేరుకుంటారు. మర్నాడు మిగిలిన దూరం తేలిక.

ఇక 3 గంటల ముహూర్తం సంగతి. మన ప్రాంతంలో ప్రయాణమంటే బ్రహ్మ ముహూర్తంలోనే బయలుదేరాలన్న పట్టుదల ఎక్కువ. అయితే రాత్రి 2 నుంచి ఉదయం 6 వరకు శరీరం నిద్రను బలంగా కోరుకునే సమయం. మీరు నిద్ర చాలక లేచి వస్తారు, ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు రాత్రంతా నిద్రలేక వస్తాడు. పైగా మీకు మొదటి గంటలోనే భాకరాపేట కనుమ తగులుతుంది. 2022 మార్చిలో నిశ్చితార్థానికి బయలుదేరిన బృందంతో వస్తున్న బస్సు రాత్రివేళ లోయలో పడిపోయింది ఆ కనుమలోనే. అది దాటాక మరో ప్రమాదం ఉంది, దాన్ని పటం చూసి కనిపెట్టలేము. పంటకాలంలో రైతులు వేరుశనగ, రాగి వంటివి రోడ్డు మీదనే ఆరబోస్తారు, వాహనాలు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. పంట ఎత్తుకుపోయిన తరువాత కూడా ఆ రాళ్లు అక్కడే ఉండిపోతాయి. పగలు అవి దూరం నుంచే కనిపిస్తాయి, చీకట్లో హెడ్‌లైటు వెలుగులోకి వచ్చేసరికి చక్రం కిందికి వచ్చేస్తాయి. వెలుగు వచ్చాక బయలుదేరి, చీకటి పడక ముందే గదికి చేరండి. చక్రం కింద నిమ్మకాయ పెట్టేందుకు ఎలాగూ వంగుతారు కాబట్టి, ఆ వంగినప్పుడే టైరు అరుగుదల, దిగబడిన మేకు, చైన్ వదులు కూడా చూడండి. గాలి మాత్రం బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. ఇద్దరికీ సామానుకూ కలిపి వెనక టైరుకు ఎంత గాలి ఉండాలో చైన్ కవరు దగ్గరి స్టిక్కరు మీదనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది.

ప్రశ్న (మదనపల్లె నుంచి ఒక పాఠకురాలు): మావారు బండి నడుపుతారు, నేను వెనక కూర్చుంటాను. 100 కిలోమీటర్లు దాటేసరికి నాకు నడుము పట్టేస్తుంది, ఆయనకు చేతులు మొద్దుబారతాయి. సీటు మార్పించమంటారా?

జవాబు: సీటు మార్పించే ముందు ఖర్చు లేని మూడు పనులు చేసి చూడండి. మీవారి చేతులు మొద్దుబారడానికి ఎక్కువగా కారణం ఆయన తన ఒంటి బరువును హ్యాండిల్ మీద మోపడమే. నడుము, తొడలతో ట్యాంకును ఆనుకుని కూర్చుని, పిచ్చుకను పట్టుకున్నంత మెత్తగా హ్యాండిల్‌ను పట్టుకోమనండి. రెండవది, వెనక షాకబ్జార్లకు బిగువు సర్దే ఏర్పాటు ఉంటుంది. ఒక్కరే తిరిగేటప్పటి బిగువులోనే ఇద్దరూ సామానూ ఎక్కితే, ప్రతి గుంతకూ స్ప్రింగు అడుగంటి ఆ దెబ్బ నేరుగా మీ వెన్నుకు తగులుతుంది. మెకానిక్ దగ్గర రెండు నిమిషాల పని అది. మూడవది, వీపుకు తగిలించుకున్న బ్యాగును దించి బండికి కట్టండి. బరువైనవి కిందికీ, మీ ఇద్దరి మధ్యకు దగ్గరగానూ ఉండాలి. టైల్ ల్యాంపు మీదుగా వెనక్కి వేలాడే మూట ముందు చక్రాన్ని తేలిక చేసి, హ్యాండిల్‌ను ఊగిస్తుంది.

నొప్పి వచ్చాక ఆగడం కన్నా రాకముందే ఆగడం మేలు. గంటా పావుకొకసారి దిగి, హెల్మెట్ తీసి, పది నిమిషాలు నడవండి, నీళ్లు తాగండి. మే నెల ఎండల్లో దాహం తెలియకుండానే చెమట గాలికి ఆరిపోతుంది కాబట్టి ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు దగ్గర ఉంచుకోండి.

మీరు అడగని ఒక మాట కూడా చెప్పాలి. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే అలవాటు ఉంటే దూర ప్రయాణానికి దాన్ని మానండి. అలా కూర్చున్నవారికి మలుపుల్లో బండితో పాటు ఒరిగే వీలు లేదు, గట్టిగా బ్రేకు పడితే ఆపుకునే పట్టూ లేదు. పంజాబీ డ్రెస్ వేసుకుని రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోవడమే క్షేమం, చున్నీని మాత్రం నడుముకు బిగించి ముడి వేయండి లేదా బ్యాగులో పెట్టేయండి. చైన్‌లోనో వెనక చక్రంలోనో చున్నీ చుట్టుకుంటే మెడకు ఉరి పడుతుంది. ఈ ప్రమాదాలు పేపర్లో చివరి పేజీలో రెండు లైన్లుగా వచ్చి పోతాయి గనుక మనకు గుర్తుండవు.

ప్రశ్న (పుత్తూరు నుంచి ఒక పాఠకుడు): తిరుమల నుంచి దిగుతుండగా సగం దూరంలో వెనక బ్రేకు కాలిన వాసన వచ్చి, తొక్కినా పట్టలేదు. కాసేపు ఆగాక మళ్లీ పని చేసింది. లోపం బండిలో ఉందా?

జవాబు: బండిలో ఉండవచ్చు, కాని మీరు చెప్పినదాన్ని బట్టి అలవాటులోనే ఉందని నాకు అనిపిస్తున్నది. బ్రేకు పని వేగాన్ని వేడిగా మార్చడం. దిగుడు పొడుగునా పెడల్ మీద కాలు ఆనించి ఉంచితే ఆ వేడి బయటికి పోయే తీరిక ఉండదు. డ్రమ్ము, లోపలి లైనర్లు మరీ వేడెక్కి పట్టు జారిపోతాయి. ఆగి చల్లారాక పట్టు తిరిగి రావడం దీనికి గుర్తు.

పెట్రోలు మిగులుతుందని ఇంజిను ఆపి, న్యూట్రల్‌లో దిగేవారు మన కొండ దారిలో ఎందరో కనిపిస్తారు. వారు మిగుల్చుకునేది గుక్కెడు పెట్రోలు; వదులుకునేది ఇంజిను ఇచ్చే ఉచితమైన బ్రేకును. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమవుతుందో దాదాపు అదే గేరులో దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. మలుపుకు ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడే, ముందు వెనక బ్రేకులు రెండూ కలిపి కొద్దిసేపు గట్టిగా పట్టి, పూర్తిగా వదిలేయండి. గేరు లేని స్కూటర్లకు ఇంజిను పట్టు అంతగా ఉండదు కాబట్టి అవి మధ్యలో ఆగి చల్లార్చుకుంటూ దిగాలి.

దిగేందుకు వాడే పాత ఘాట్ రోడ్డు 1944లో ప్రారంభమైనది, దాని మలుపులు 1974 నాటి రెండో రోడ్డు కన్నా ముడుచుకుని ఉంటాయి. 40 నిమిషాల లోపు దిగకూడదన్న నియమం పెట్టింది అందుకే. పైన దూసుకు వచ్చి, కింద తనిఖీకి ముందు చెట్టు కింద నిలబడి గడియారం చూసుకునే కుర్రవాళ్ల తెలివికి ఏమనాలో నాకు తెలియదు! మీ బండికి ముందు డిస్క్ బ్రేకు ఉంటే అందులోని ఆయిలు రెండేళ్లకొకసారి మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వేడికి ఆ తేమ ఆవిరై చేతి బ్రేకు లివరు మెత్తబడుతుంది. వెనక లైనర్లను మాత్రం ఈ వారమే విప్పించి చూపించండి, ఒకసారి కాలినవి గాజులా నున్నబడి ఉంటాయి.

ప్రశ్న (శ్రీకాళహస్తి నుంచి): మైసూరు వరకు వెళ్లాలి. బండికి టోలు ఎంత అవుతుంది? ఆరేళ్ల బాబును మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకోవచ్చునా?

జవాబు: జాతీయ రహదారులపై ద్విచక్ర వాహనాలకు టోలు లేదు. అయితే బెంగళూరు–మైసూరు రహదారి ప్రధాన వరుసల్లోకి 2023 ఆగస్టు 1 నుంచి వాటికి ప్రవేశం కూడా లేదు. పక్కనున్న సర్వీసు రోడ్డు మీద వెళ్లాలి, దానికి తగినట్టు సమయం ఎక్కువ వేసుకోండి. బాబు విషయంలో జవాబు కూడదనే. నడిపేవారు కాక ఒక్కరు మాత్రమే కూర్చోవాలని చట్టం చెబుతున్నది, నాలుగేళ్లు నిండిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. ముగ్గురూ రైలులో వెళ్లండి.

ప్రశ్న (చిత్తూరు నుంచి ఒక తల్లి): మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. శుక్రవారం రాత్రి ఆఫీసు కాగానే బండి ఎక్కి వచ్చేస్తాడు. వాడు వచ్చేవరకు నాకు నిద్ర పట్టదు. ఏమి చెప్పమంటారు?

జవాబు: అమ్మా, శనివారం తెల్లవారాక బయలుదేరమని చెప్పండి. పదకొండు గంటలకల్లా మీ చేతి అన్నం తింటాడు. వారమంతా పని చేసి అలసిన మనిషి, చీకట్లో ముళబాగిలు దాటి పలమనేరు వచ్చేసరికి అలసట ముదిరిపోతుంది, సరిగ్గా అప్పుడే మొగిలి కనుమ దిగుడు మొదలవుతుంది. చెరుకు ట్రాక్టర్లకు వెనక లైటు ఉండకపోవడం, మామిడి కాలంలో లోడు లారీలు రోడ్డు పక్కనే ఆగి ఉండడం మీకు నేను చెప్పనక్కరలేదు. రాత్రి రావడం తప్పనిసరి అయిన వారం బస్సు ఎక్కమనండి. రహదారి మీద బండి ఆగిపోయినా, ఏదైనా జరిగినా 1033కు, అంబులెన్సుకు 108కు ఫోను చేయాలని తెలిసి ఉండాలి. బీమా సంగతి కూడా అడగండి: బండి కొన్నప్పుడు ఐదేళ్లకు కట్టేది ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే, సొంత బండి దెబ్బతింటే వచ్చే బీమాను చాలామంది మొదటి ఏడాది తరువాత మరిచిపోతారు.

మీ వైపు నుంచి ఒక్క సాయం కావాలి. వాడు దారిలో ఉన్నప్పుడు మీరు ఫోను చేయకండి. అమ్మ ఫోను మోగితే తీయకుండా ఉండలేక, హెల్మెట్ లోపలికి ఫోను దూర్చి ఒక చేత్తో నడిపే పిల్లలను నేను చాలామందిని చూశాను. కోలారులో ఒకసారి, పలమనేరులో ఒకసారి బండి ఆపి తానే చేయాలని ఒప్పందం చేసుకోండి.