ధర చేతిలో లేనప్పుడు నిద్ర ఎలా పడుతుంది?

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. ఆరెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. 2025లో ధర పడిపోయి, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరుతో పడిగాపులు కాసినప్పటి నుంచి నాకు ధైర్యం పోయింది. ఈసారి పూత బాగానే వచ్చింది. అయినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. మంచం మీద నుంచే ఫోనులో ధరలు, వాతావరణం చూస్తుంటాను. మన చేతిలో ఉన్నదే చూసుకో, మిగతాది వదిలేయమని మా బావమరిది అంటాడు. కాణిపాకం స్వామికి మొక్కుకున్నాను కూడా. ఎలా వదిలేయాలో మాత్రం తెలియడం లేదు.
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ బావమరిది చెప్పింది సరైన మాటే కాని, సగం మాట. ఒక విషయం ఆలోచించకూడదని గట్టిగా అనుకునే కొద్దీ అదే మళ్లీ మళ్లీ గుర్తుకు వస్తుంది. అందువల్ల ఆలోచనను తరమడం కంటే, దానిలో మీరు చేయదగిన పని ఏమైనా ఉందా అని వెతకడం మేలు.

తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు సకాలంలో మందు కొట్టడం, కాయ ముదిరే వేళకు పండు ఈగ ఎరలు కట్టడం, ప్రభుత్వ ఈ-క్రాప్ జాబితాలో పంట నమోదు చేయించుకోవడం మీ చేతిలో పనులు. అకాల వర్షం ఎవరి చేతిలోనూ లేదు. చిక్కంతా ధర దగ్గరే, ఎందుకంటే అది పూర్తిగా మీదీ కాదు, పూర్తిగా పరాయిదీ కాదు. తోతాపురికి గుజ్జు ఫ్యాక్టరీలే ప్రధాన కొనుగోలుదారులు కాబట్టి, మంచి ధర వచ్చే చోట అమ్ముకోమనే సలహా నాకు వెటకారంలాగే వినిపిస్తుంది. 2025లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు ఇవ్వాలన్న నిర్ణయం, ఒక్క రైతు అడిగితే వచ్చేది కాదు. కోతలకు ముందే తోటి రైతులతో కలిసి ఫ్యాక్టరీకి కాయ తోలే టోకెన్ల గురించి, ధర గురించి ఉద్యానశాఖ అధికారులను అడగడం మీరు చేయగలిగిన పని. వారు ఏమంటారన్నది మీ పని కాదు. ఇంత చేశాక కూడా ధర పడితే, దాన్ని మీ అసమర్థతగా లెక్కించుకోకండి. చేతిలో ఉన్నదాని గురించి అతిగా మాట్లాడేవారు, చేతిలో లేనిదానికి కూడా మనిషినే బాధ్యుణ్ణి చేసే ప్రమాదం ఉంది.

ఇక ఫోను సంగతి. తోతాపురి కోతలు ప్రధానంగా జూన్, జులై నెలల్లో జరుగుతాయి కాబట్టి, పూత దశలో మీకు కనిపించే ఏ ధరా మీ పంటది కాదు. చూసినప్పుడు ఏదో పని చేసినట్టు క్షణకాలం ఊరట కలుగుతుంది. ఆ ఊరట కోసమే చెయ్యి మళ్లీ ఫోను మీదికి పోతుంది. రాత్రిపూట దాన్ని వేరే గదిలో పెట్టండి. బదులుగా, రోజూ సాయంత్రం ఒకే వేళకు ఇరవై నిమిషాలు కూర్చుని, మనసులోని దిగుళ్లన్నీ నోటుపుస్తకంలో రాసి, ప్రతిదాని పక్కన తరువాత చేయవలసిన పనిని, తేదీని వేయండి. పని తోచని చోట ఖాళీగా వదలండి. మూడింటికి దిగులు వస్తే సాయంత్రానికి వాయిదా వేయండి. మొదటి వారం అది మీ మాట వినకపోవచ్చు. ఎంతకీ నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వస్తున్నప్పుడే తిరిగి పడుకోండి. మధ్యాహ్నం తరువాత కాఫీ మానండి. నిద్ర కోసం మద్యం తాగే అలవాటు ఉంటే అది కూడా మానాలి, అయితే రోజూ తాగేవారు డాక్టరును అడిగే మానాలి. మద్యం తొలిజామున నిద్ర పట్టించినా తెల్లవారుజామున లేపేస్తుంది.

మొక్కు మానుకోవలసిన అవసరం లేదు. భారం కొంత దేవుడి మీద వేసి తోట పని చూసుకోవడం మన రైతులకు కొత్తేమీ కాదు.

గుండెదడకు థైరాయిడ్, రక్తహీనత వంటి శారీరక కారణాలు కూడా ఉంటాయి కనుక ముందు పరీక్ష చేయించుకోండి. దిగులు నెలల తరబడి వీడకపోయినా, పని మీద ఆసక్తి పోయినా, అది చికిత్సతో తగ్గే జబ్బు కావచ్చు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా, ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సాయంత్రం దాకా ఆగకండి. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పి, ఆ నంబరుకు ఫోను చేసి, తోటకు తెచ్చిన పురుగుమందు డబ్బాలను వేరేవారి ఇంట్లో దాచమనండి.