టెక్ సందేహాలు: కచేరీ డిస్కులో బొమ్మ ఉంది, శబ్దం లేదు!

ఈ వారం వచ్చిన ప్రశ్నలు చాలావరకు పాత రాక్ బృందాల కచేరీ వీడియోల చుట్టూనే తిరిగాయి. అందుచేత ఫోన్లు, ప్రింటర్ల సంగతి వచ్చే వారానికి వాయిదా వేసి, ఈసారి వీటికే జవాబులిస్తున్నాను.

సందేహం: క్రీమ్ బృందం 2005లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఇచ్చిన కచేరీ డీవీడీ నా దగ్గర ఉంది. ప్లేయర్‌ను టీవీకి, టీవీని సౌండ్‌బార్‌కు కలిపాను. డిస్కు మెనూలో డీటీఎస్ 5.1 ఎంచుకుంటే బొమ్మ చక్కగా వస్తుంది కానీ శబ్దం అసలే రాదు. స్టీరియో పెడితే వస్తుంది. సౌండ్‌బార్ డబ్బా మీద డీటీఎస్ గుర్తు స్పష్టంగా ఉంది. లోపం డిస్కుదా, సౌండ్‌బార్‌దా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండింటిదీ కాదు, మధ్యలో ఉన్న టీవీది. డీటీఎస్ అంటే శబ్దాన్ని కుదించి డిస్కులో దాచే ఒక పద్ధతి, 5.1 అంటే ఐదు స్పీకర్లకు, ఒక సబ్‌వూఫర్‌కు (లోతైన శబ్దాల స్పీకర్) విడివిడి చానళ్లు. మీ ప్లేయర్ డీటీఎస్ శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టుగా టీవీకి పంపుతోంది, దాన్ని సౌండ్‌బార్‌కు అందించవలసిన టీవీ మధ్యలోనే ఆపేస్తోంది. సామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి తన టీవీలలో డీటీఎస్‌ను తీసేసింది. ఎల్‌జీ 2020లో తీసేసి, 2023లో కొన్ని మోడళ్లలో తిరిగి చేర్చింది. దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు, టీవీ డబ్బా మీద లేని గుర్తును మనమూ వెతకం.

మీ సౌండ్‌బార్ వెనుక హెచ్‌డీఎంఐ ఇన్ అని రాసిన రంధ్రం ఉంటే ప్లేయర్‌ను నేరుగా దానికే కలిపి, అక్కడి నుంచి టీవీకి మరో తీగ ఇవ్వండి. అప్పుడు డీటీఎస్ సౌండ్‌బార్‌లోనే విప్పబడుతుంది, టీవీకి బొమ్మ చూపించే పని మాత్రమే మిగులుతుంది. అటువంటి రంధ్రం లేకపోతే ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లి, డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అన్నచోట బిట్‌స్ట్రీమ్ (విప్పకుండా పంపడం) తీసేసి పీసీఎం (ప్లేయరే విప్పి పంపడం) ఎంచుకోండి. ప్లేయర్ డీటీఎస్‌ను విప్పగలదైతే శబ్దం వస్తుంది. అయితే టీవీ నుంచి సౌండ్‌బార్‌కు శబ్దం వెళ్లే మామూలు ఏఆర్‌సీ దారిలో పీసీఎం రెండు చానళ్లకే పరిమితం కాబట్టి, 5.1 కాస్తా స్టీరియోగా మారి చేరుతుంది.

అలా మారడం ఈ కచేరీకి అంత మంచిది కాదు. ఇటువంటి 5.1 మిశ్రమంలో వాద్యాలు ప్రధానంగా ముందు చానళ్లలోను, హాలు ప్రతిధ్వని, చప్పట్లు వెనుక చానళ్లలోను ఉంటాయి. యంత్రం వాటన్నిటినీ రెండు చానళ్లలోకి కుదించినప్పుడు చప్పట్లు వచ్చి గిటార్ మీద పడతాయి. సబ్‌వూఫర్ కోసం కేటాయించిన చానల్‌ను సాధారణంగా పూర్తిగా వదిలేస్తారు. కనుక విడి స్పీకర్లు లేని ఇంట్లో, మనిషి చేత్తో మిశ్రమం చేసిన స్టీరియో ట్రాకునే డిస్కు మెనూలో ఎంచుకోవడం ఉత్తమం. పైగా క్రీమ్ ముగ్గురే ఉన్న బృందం: ఎరిక్ క్లాప్టన్ గిటార్, జాక్ బ్రూస్ బాస్, జింజర్ బేకర్ డ్రమ్స్. ఆ ముగ్గురినీ విడివిడిగా పోల్చుకోవడానికి రెండు మంచి స్పీకర్లు చాలు. నన్నడిగితే ఆరు స్పీకర్లు ఉన్న ఇంట్లో కూడా దీన్ని స్టీరియోలోనే వినమంటాను.

సందేహం: ఇదే కచేరీని రాత్రిళ్లు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో చూస్తుంటే, డ్రమ్ము మీద కర్ర పడిన తరువాత కాసేపటికి గానీ దెబ్బ వినిపించదు. పాడేటప్పుడు అంత తేడా తెలియదు. ఎందుకు? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పెదవుల కదలికలో శబ్దం ఎక్కడ మొదలైందో కన్ను కచ్చితంగా పట్టుకోలేదు. కర్ర చర్మాన్ని తాకే క్షణం మాత్రం దాచడానికి వీలు లేనిది. అందులోనూ బేకర్ సుదీర్ఘంగా ఒంటరిగా వాయించే భాగంలో కెమెరా ఆయన చేతులను, రెండు బేస్ డ్రమ్ములను మార్చి మార్చి చూపుతుంది కాబట్టి, మీ హెడ్‌ఫోన్స్ ఆలస్యం ఎంతో కొలవడానికి ఇంతకంటె మంచి పరీక్ష దొరకదు. ఎస్‌బీసీ అనే మామూలు బ్లూటూత్ పద్ధతిలో శబ్దాన్ని కుదించి, పంపి, తిరిగి విప్పేసరికి తరచుగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక, 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే వేదికకు దాదాపు 68 మీటర్ల అవతల కూర్చుని వింటున్నట్టే. కెమెరా మీ కంటిని డ్రమ్ముల పక్కనే నిలబెట్టింది, హెడ్‌ఫోన్స్ మీ చెవిని హాలు అవతలి గోడ దగ్గర కూర్చోబెట్టాయి.

టీవీలో ఏవీ సింక్ అనే మీట చూసి వెంటనే పెంచకండి. చాలా టీవీలలో అది శబ్దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. సౌండ్‌బార్‌తో బొమ్మే ఆలస్యమైతే అది పనికొస్తుంది గానీ, మీ ఇబ్బంది దానికి తలకిందులు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో చూస్తున్నట్లయితే కీబోర్డు మీద జె అక్షరం నొక్కిన ప్రతిసారీ శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది, కె నొక్కితే వెనక్కి పోతుంది. కర్ర, దెబ్బ కలిసేదాకా నొక్కండి. టీవీతోనే చూడాలంటే తీగ ఉన్న హెడ్‌ఫోన్స్ వాడడమే తేలిక.

సందేహం: క్రీమ్ 1968 వీడ్కోలు కచేరీ చిత్రం, 2005 కచేరీ రెండూ చూశాను. పాతది మసకగా, శబ్దం గందరగోళంగా ఉంది. ఏఐ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని 4కెకు మార్చి 2005 స్థాయికి తేవచ్చా? కొత్త డీవీడీ కూడా 55 అంగుళాల టీవీలో ముఖాలు మైనం పూసినట్లు కనిపిస్తోంది. (విజయవాడ)

జవాబు: మైనం సంగతి ముందు చూద్దాం, అది మీ చేతిలో పని. అమెరికా డీవీడీలో ఒక్కో ఫ్రేము 720 x 480 చుక్కలు. 4కె తెరలో 3840 x 2160. అంటే డిస్కులోని ఒక్కో చుక్కకు తెర మీద 24 చుక్కలు నింపాలి. ఆ నింపడం టీవీ సొంతంగా చేస్తుంది. దాని మీద షార్ప్‌నెస్, నాయిస్ తగ్గింపు, కదలికలను నున్నగా చేసే సెట్టింగ్ కూడా కలిస్తే చర్మం మీది ముడతలు చెరిగిపోతాయి. ఆ మూడింటినీ తగ్గించండి, టీవీ సొంత మెరుగులు ఆపేసే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకోండి. బ్రూస్, బేకర్ అరవయ్యేళ్లు దాటాక వాయించిన కచేరీ అది. ఆ ముడతలు కనిపించడమే న్యాయం. కంప్యూటర్‌లో చూసేటప్పుడు వేగంగా కదిలే కర్ర అంచులు దువ్వెన పళ్లలా చీలితే అది వేరే లోపం, వీఎల్‌సీలో డి అక్షరం నొక్కితే పోతుంది.

ఇక 1968 చిత్రం. ఆ ఏడాది నవంబరు 26న అదే రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన కచేరీని టోనీ పామర్ చిత్రీకరించగా, 1969 జనవరిలో బీబీసీ ప్రసారం చేసింది. ఏఐ సాధనం అంచులను పదును పెట్టగలదు, ఫిల్ము మీది గింజల్లాంటి చుక్కలను తగ్గించగలదు. కానీ వేలిముద్రంత ఉన్న ముఖంలో లేని కన్ను, ముక్కు ఊహించి గీస్తుంది, క్లాప్టన్ బదులు ఎవరో అపరిచితుడు తేలుతాడు. కెమెరా ఊరికే దగ్గరకు దూరానికి ఉరకడం, వాయిద్యం మీదుగా వ్యాఖ్యానం వినిపించడం ఏ సాఫ్ట్‌వేరూ తీసేయలేదు.

శబ్దంలోని తేడాకు కొంత కారణం హాలు కూడా. 1871లో తెరిచిన ఆ గుమ్మటపు భవనం ప్రతిధ్వనికి పేరుపడింది. కప్పు కింద వేలాడే, పుట్టగొడుగులని పిలిచే గాజునార (ఫైబర్‌గ్లాస్) పళ్లేలను అమర్చింది 1969లో, అంటే వీడ్కోలు కచేరీ తరువాత. కాబట్టి వేదిక ఒకటే అయినా 2005లో అదే ముగ్గురు వాయించింది ప్రతిధ్వని తగ్గిన హాలులో. శబ్దంలోని గరగర తగ్గించే సాధనాలను 1968 ట్రాకు మీద కొంచెంగా వాడి చూడండి. ఎక్కువ చేస్తే డ్రమ్ముల పక్కనుండే తాళాల (సింబల్స్) మోత గరగరతో పాటే పోతుంది.

సందేహం: మా తమ్ముడు డాలస్ నుంచి తెచ్చిన కచేరీ డీవీడీని ల్యాప్‌టాప్ డ్రైవులో పెడితే రీజియన్ మార్చమంటోంది. మార్చమంటారా? (కరీంనగర్)

జవాబు: తొందరపడకండి. ఒక ప్రాంతంలో అమ్మిన డిస్కు మరో ప్రాంతపు యంత్రంలో ఆడకుండా పెట్టిన సంకేతమే రీజియన్. డీవీడీలకు అమెరికా 1వ రీజియన్, మన దేశం 5వది. డ్రైవులో రీజియన్‌ను ఐదుసార్లే మార్చుకోనిస్తారు, ఆ తరువాత చివరిసారి ఎంచుకున్నది శాశ్వతంగా ఉండిపోతుంది. ముందు మీ ఇంట్లోని డీవీడీ ప్లేయర్‌లో వేసి చూడండి, ఇక్కడ అమ్మిన ప్లేయర్లలో చాలా వాటికి రీజియన్ పట్టింపు లేదు. ఇకముందు బ్లూ-రే తెప్పించుకుంటే వాటి లెక్క వేరు: అమెరికా ఎ, ఐరోపా బి, మనది సి. డబ్బా వెనుక ఎ, బి, సి మూడూ ఉన్నదే తెమ్మని మీ తమ్ముడికి చెప్పండి.