విమాన సామానులో బండి భాగాలు: తూకం కంటే ముందు వాసన సంగతి చూడండి

దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు 40 కిలోల పాత జీపు గేర్‌బాక్సును మామూలు సామానుతో పాటు తెచ్చుకోవచ్చా అని అడిగారు. ఒకే ముక్కగా అయితే కుదరదు. విప్పి, కడిగి, రెండు పెట్టెల్లో సర్దితే కుదురుతుంది. షార్జాలో ఆరేళ్లు పనిచేసినప్పుడు నేను రెండుసార్లు ఇలాంటి సామాను తెచ్చాను. మొదటిసారి ఒక భాగం విమానాశ్రయంలోనే వదిలి రావలసి వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా బావగారి దగ్గర సైన్యం వేలంలో కొన్న జోంగా ఉంది. నిస్సాన్ ప్యాట్రోల్ 60 నమూనాతో జబల్‌పూర్ వాహన కర్మాగారంలో తయారైన బండి అది. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ పెట్రోల్ ఇంజన్. ఆ బండి అంటే ఆయనకు ప్రాణం. భాగాల కోసం ఆయన తిరగని పాత ఇనుము దుకాణం లేదు. షార్జా పారిశ్రామిక ప్రాంతంలో పాత బండ్లను విప్పి అమ్మే దుకాణాలు వీధుల కొద్దీ ఉంటాయి. 2018 ఆగస్టులో సెలవుకు వచ్చే ముందు అక్కడ వెతికితే పాత ప్యాట్రోల్ బండివి రెండు బ్రేకు డ్రమ్ములు, ఒక క్రౌన్ పినియన్ జత (ఇరుసులో ఉండి చక్రాలను తిప్పే పళ్ల చక్రాలు), ఒక కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) దొరికాయి. అన్నీ కలిపి 900 దిర్హమ్‌లు, అంటే అప్పట్లో సుమారు 17 వేల రూపాయలు.

నా భయమంతా డ్రమ్ముల బరువు గురించే. తీరా చూస్తే ఆగిపోయింది అరచేతిలో పట్టే కార్బురేటర్. దుకాణంవాళ్లు దాన్ని కిరోసిన్‌లో కడిగి తళతళలాడించి ఇచ్చారు. అదే ముప్పు తెచ్చింది. కిరోసిన్ ఆవిరి సుమారు 38 డిగ్రీల వేడి నుంచే నిప్పు అందుకుంటుంది. తనిఖీలో పెట్టె తెరవగానే గుప్పున వాసన వచ్చింది. నన్ను వెనక్కి పిలిచి, అది విమానం ఎక్కదని మర్యాదగానే చెప్పారు. వాళ్లు చేసింది సరైన పని. పెట్రోలో కిరోసినో తడి మిగిలిన భాగం, అది ఎంత చిన్నదైనా, ప్రమాదకర సరుకు కిందికే వస్తుంది.

మీ గేర్‌బాక్సు విషయంలోనూ మొదటి పని ఇదే. నూనె పూర్తిగా వంపేయండి. మెకానిక్ కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడుగుతానంటే వద్దనండి. గిన్నెలు తోమే సబ్బు, వేడి నీళ్లు, గట్టి బ్రష్ చాలు. మూడు నాలుగు రోజులు ఎండబెట్టి, మూతిదగ్గర ముక్కు పెట్టి చూడండి. మీకు వాసన తెలిస్తే అక్కడి వాళ్లకూ తెలుస్తుంది. తుప్పు పట్టకుండా నున్నటి ముఖాలకు పెట్రోలియం జెల్లీ పలుచగా రాస్తే సరిపోతుంది.

ఇక బరువు. మీ టికెట్టులో మొత్తం ఎన్ని కిలోలున్నా, దాదాపు అన్ని విమాన సంస్థలూ ఒక్కో పెట్టె 32 కిలోలు దాటకూడదంటాయి. అదనంగా డబ్బు కడతామన్నా ఒప్పుకోరు. ఆ పెట్టెను చేతులతో ఎత్తి విమానం పొట్టలోకి పేర్చేవాళ్ల నడుములు కాపాడటానికి పెట్టిన పరిమితి అది. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. రాత్రిళ్లు ఆయన వీపుకు అమ్మ కాపడం పెట్టడం చూస్తూ పెరిగాను. అందుకే ఆ తూకాన్ని ఎలా తప్పించుకోవాలో ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. నేనైతే ఏ పెట్టెనూ 26 కిలోలు దాటనివ్వలేదు. టికెట్టుకు 30 కిలోలే ఉంటే, మరో పది కిలోలు ముందుగానే ఆన్‌లైన్‌లో కొన్నాను. కౌంటర్ దగ్గర కొంటే అంతకంటే చాలా ఎక్కువ అవుతుంది.

అట్టపెట్టెలో మాత్రం పెట్టకండి, ఇనుము అంచు దాన్ని కోసేస్తుంది. పనిముట్లు పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ పెట్టె తీసుకుని, అడుగున రబ్బరు పట్టా వేసి, భాగం అటూ ఇటూ కదలకుండా పాత తువ్వాళ్లు కుక్కండి. గ్యాస్కెట్ (నూనె కారకుండా అతుకుల మధ్య వేసే పలుచటి పొర) కూర్చునే ముఖానికి ప్లైవుడ్ ముక్క కోసి, బోల్టులతో బిగిస్తే గీతలు పడవు. గుండ్రంగానో వంకరటింకరగానో ఉన్న మూటలను దుబాయ్ విమానాశ్రయం 2017 నుంచి తీసుకోవడం లేదు. కనీసం ఒక పక్క చదునుగా ఉండాలి. దళసరి ఇనుము ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనిపిస్తుంది కాబట్టి పెట్టె తెరవడం ఖాయమనుకోండి. తాళ్లతో బిగించి కుట్టేయకుండా, పైన బిల్లు, ఆ భాగం బండిలో ఉన్నప్పటి ఫోటో పెట్టండి. ఆ ఫోటో నాకు పది నిమిషాల సంజాయిషీని తప్పించింది.

ఎయిర్‌బ్యాగులు, యాసిడ్ బ్యాటరీలు, బ్రేకులు శుభ్రం చేసే స్ప్రే డబ్బాలు సామానులో అసలు పెట్టకండి.

శంషాబాద్‌లో నేనే కస్టమ్స్ అధికారి దగ్గరికి వెళ్లి బిల్లు చూపించాను. అప్పటి నిబంధనల ప్రకారం 50,000 రూపాయల దాకా సుంకం లేదు కాబట్టి ఏమీ కట్టనవసరం రాలేదు. ఈ పరిమితులు మారుతుంటాయి, ప్రయాణానికి ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఒకే రకం భాగాలు నాలుగైదు తెస్తే మాత్రం సొంతానికి అంటే నమ్మరు.

మరుసటి ఏడాది ఇంకో కార్బురేటర్ కొని, సబ్బుతో కడిగి, బాల్కనీలో వారం ఎండబెట్టి తెచ్చాను. ఎవరూ ఆపలేదు. బావగారు దాన్ని అందుకుని ముందుగా వాసనే చూశారు.

ఇప్పుడు మీరు చేయవలసింది, గేర్‌బాక్సును విప్పించి ఖాళీ గుల్లను విడిగా తూయించడం. అది 25 కిలోల లోపుంటే గుల్ల ఒక పెట్టెలో, గేర్లు, షాఫ్టులు మరో పెట్టెలో వస్తాయి. దాటితే గల్ఫ్‌లో మనవాళ్లు ఇంటి సామాను పంపే డోర్ టు డోర్ కార్గోవాళ్లను అడగండి. ఓడలో వారాలు పడుతుంది గానీ, కిలోకు అయ్యే ఖర్చు విమానంలో అదనపు సామానుకు కట్టేదానికంటే బాగా తక్కువ.