0.99 చూసి సంతకం పెట్టకు

అమ్మాయీ,

మీ ల్యాబులో ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్టరాల్‌ను) ఇకపై లెక్కగట్టకుండా, నేరుగా కొలిచే డైరెక్ట్ కిట్‌తో కొలవాలనుకుంటున్నారని, రెండు పద్ధతుల్ని పోల్చి చూసే పని నీకు అప్పగించారని రాశావు. కిట్ కంపెనీ ఇచ్చిన గ్రాఫులో కోరిలేషన్ 0.99 ఉంది, ఇంకా చూడాల్సింది ఏముంది అని అడిగావు. చాలా ఉంది.

నాలుగు శాంపిళ్లకు పాత పద్ధతిలో 80, 120, 160, 200 వచ్చాయనుకో (ఈ ఉత్తరంలో కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్ల అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో). కొత్త పద్ధతిలో అవే 100, 140, 180, 220 అయ్యాయనుకో. కోరిలేషన్ సరిగ్గా 1 వస్తుంది. కానీ ప్రతి రోగికీ 20 ఎక్కువ చూపించావు! రెండు కొలతలూ కలిసి పెరుగుతున్నాయా అన్నదే ఆ అంకె చెబుతుంది, రెండూ ఒకే విలువ ఇస్తున్నాయా అన్నది చెప్పదు. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక నిపుణులు 1986లో లాన్సెట్ పత్రికలో ఇదే విడమరిచి చెప్పారు. వాళ్లు చూపించినట్టే ప్రతి శాంపిల్‌కూ రెండు ఫలితాల సగటును అడ్డంగా, తేడాను నిలువుగా తీసుకుని చుక్కలు పెట్టు. చుక్కలన్నీ సున్నా గీతకు ఒకే పక్కన చేరాయా, విలువ పెరిగేకొద్దీ దూరం జరుగుతున్నాయా అన్నది నీ కంటికే కనిపిస్తుంది.

ఇక దేనితో పోలుస్తున్నావో కూడా తెలుసుకోవాలి. మీరు ఇప్పుడు వాడుతున్నది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. మొత్తం కొలెస్టరాల్ నుంచి హెచ్‌డీఎల్‌నూ (మంచి కొలెస్టరాల్‌నూ), ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలోని కొవ్వులో) ఐదో వంతునూ తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. ఆ ఐదో వంతు, ట్రైగ్లిజరైడ్లను మోసే వీఎల్‌డీఎల్ అనే కణాల్లోని కొలెస్టరాల్‌కు ఒక అంచనా మాత్రమే. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఆ కణాల్లో కొలెస్టరాల్ పాలు తగ్గుతుంది కాబట్టి సూత్రం అవసరానికి మించి తీసేస్తుంది. కొలెస్టరాల్ 200, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 350 ఉన్న మనిషిని తీసుకో. 5తో భాగిస్తే ఎల్‌డీఎల్ 95. అదే 7తో భాగించాల్సిన రక్తమైతే 115. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటం మనవాళ్లలో ఎంత మామూలో నీకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. 400 దాటితే ఈ సూత్రం వాడకూడదని అందరికీ తెలుసు. 400 లోపలైతే ఫరవాలేదని ఊరుకోవడమే నన్ను కలవరపెడుతుంది, ముఖ్యంగా ఎల్‌డీఎల్ 70 దగ్గర ఉన్న గుండె జబ్బు రోగుల విషయంలో.

అలాగని డైరెక్ట్ కిట్ చెప్పిందే నిజం అనుకోకు. డిటర్జెంట్లు, పాలిమర్లు కలిపి మిగతా కణాలను పక్కనపెట్టి ఎల్‌డీఎల్‌ను మాత్రమే ఎంజైముకు అందేలా చేయడం ఆ కిట్ల కిటుకు. ఏ రసాయనాలతో అలా చేస్తారన్నది ఒక్కో తయారీదారుకు ఒక్కో రకం. 2010లో ఇలాంటి ఏడు పద్ధతులను అల్ట్రాసెంట్రిఫ్యూజ్ (అతివేగంగా తిప్పి కణాలను విడదీసే) ప్రామాణిక పద్ధతితో పోల్చి చూశారు. ఆరోగ్యవంతుల రక్తంలో చాలావరకు బాగానే నడిచాయి, జబ్బు ఉన్నవారి రక్తంలో ఒక్కటి కూడా నిర్దేశించిన పరిమితుల్లో నిలవలేదు. మన దగ్గరికి వచ్చేది జబ్బు మనుషులే కదా!

అందుకే శాంపిళ్ల ఎంపిక దగ్గర తొందరపడకు. కనీసం 40 కావాలి, అవి ఐదు రోజులకు తక్కువ కాకుండా విస్తరించాలి. పొద్దున వచ్చిన మొదటి 40 తీసుకుంటే అన్నీ 90కీ 140కీ మధ్యే గుమిగూడతాయి. తక్కువవీ, బాగా ఎక్కువవీ ఏరి పక్కన పెట్టుకో. మధుమేహం, కిడ్నీ జబ్బు, కామెర్లు ఉన్నవారి శాంపిళ్లను విడిగా గుర్తుపెట్టి గ్రాఫులో వేరే రంగు చుక్కలు వెయ్యి. వీళ్లను మిగతావాళ్లతో కలిపి సగటు తీస్తే అసలు సంగతి అందులో కొట్టుకుపోతుంది. ఒకే ట్యూబులోని సీరం, ఒకే పూట, రెండు పద్ధతుల్లోనూ నడవాలి. ఒకదానికి సీరం, ఇంకోదానికి ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) కలిపిన ప్లాస్మా పెట్టావంటే అక్కడే దాదాపు 3 శాతం తేడా వచ్చి కూర్చుంటుంది.

పాలలా తెల్లబారిన సీరం వస్తే వెంటనే మెషీన్‌లో పెట్టేయకు. ఆ ట్యూబును రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెట్టి పొద్దున వెలుతురుకు ఎత్తి చూడు. పైన మీగడ తేరి కింద తేటగా ఉంటే అవి కైలోమైక్రాన్లు, అంటే తిన్న కొవ్వును మోసే కణాలు. అడుగు కూడా మబ్బుగానే ఉంటే వీఎల్‌డీఎల్. ఖర్చు లేని పరీక్ష ఇది. రెండు పద్ధతులూ ఎందుకు విడిపోయాయో చాలాసార్లు ఇక్కడే తెలిసిపోతుంది.

లెక్కగట్టిన ఎల్‌డీఎల్ మూడు పరీక్షల పొరపాట్లనూ మోస్తుందని మరిచిపోకు. ట్రైగ్లిజరైడ్ల కిట్ నిజానికి కొలిచేది గ్లిజరాల్‌ను. రక్తంలో ముందే విడిగా ఉన్న గ్లిజరాల్‌ను బ్లాంక్‌తో (దాన్ని విడిగా కొలిచి) తీసేయకపోతే అదీ లెక్కలో చేరుతుంది. కొలెస్టరాల్‌కూ ట్రైగ్లిజరైడ్లకూ చివర రంగు తెచ్చేది పెరాక్సిడేజ్ చర్యే. బిలిరుబిన్ గానీ విటమిన్ సి గానీ ఎక్కువగా ఉంటే రెండూ తక్కువగా రావచ్చు. మా తొలినాళ్లలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ పోసి ఆకుపచ్చ రంగు తేలేదాకా ఎదురుచూసేవాళ్లం. ఎంజైములు వచ్చి చేతులు కాలే బాధ తప్పించాయి, కానీ ప్రతి పద్ధతికీ దాని గుడ్డిమచ్చ దానికి ఉండనే ఉంటుంది.

ఎంత తేడాను ఒప్పుకోవాలన్నది ముందే రాసిపెట్టుకో, ఫలితాలు చూశాక కాదు. అమెరికా జాతీయ కొలెస్టరాల్ కార్యక్రమం (ఎన్‌సీఈపీ) మార్గదర్శకాల ప్రకారం ఎల్‌డీఎల్‌లో బయాస్ (ఎప్పుడూ ఒకే వైపు వచ్చే తేడా) 4 శాతం, మొత్తం పొరపాటు 12 శాతం మించకూడదు. ఆ పైన ఇంకో లెక్క తియ్యి: 70, 100, 130 గీతలను దాటి ఎంతమంది అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు అయ్యారు? మందు మోతాదు మారేది అక్కడే. మనిషిలో ఏ మార్పూ లేకుండా కేవలం కిట్ మారినందుకు 95 కాస్తా 115 అయితే, డాక్టరు స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) పెంచుతారు.

డబ్బు పెట్టే ముందు ఇంకొకటి చూడు. 2013లో వచ్చిన మార్టిన్ పద్ధతిలో ఆ 5 స్థిరంగా ఉండదు, ట్రైగ్లిజరైడ్లను బట్టి, నాన్-హెచ్‌డీఎల్‌ను (మొత్తం కొలెస్టరాల్‌లో హెచ్‌డీఎల్ పోగా మిగిలినదాన్ని) బట్టి మారుతుంది. 2020 నాటి శాంప్సన్ సమీకరణాన్ని ట్రైగ్లిజరైడ్లు 800 వచ్చేదాకా వాడవచ్చు. రెండింటికీ కొత్త రీఏజెంట్ అక్కర్లేదు. నీ 40 శాంపిళ్లకు వీటితోనూ లెక్కగట్టి పక్కపక్కన పెట్టు. మీలాంటి జిల్లా ల్యాబుకు ఇవే చాలునని నా అభిప్రాయం.

ఏది ఎంచుకున్నా రిపోర్టులో పద్ధతి పేరు అచ్చు వేయించు, మార్చే తేదీని డాక్టర్లకు ముందే రాతపూర్వకంగా తెలియజెయ్యి. తేడాల పట్టిక సిద్ధం కాగానే నాకు పంపు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటినవాళ్లది విడిగా ఇంకో కాగితం మీద ఉండాలి, ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న