పాత ట్రాక్టరు, ట్రాలీ కొని కిరాయికి తిప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె. గల్ఫ్‌లో వెల్డింగ్ పని మానేసి వచ్చేశాను. చేతిలో 5 లక్షలు ఉన్నాయి. ఎనిమిదేళ్ల నాటి 50 హెచ్‌పీ ట్రాక్టరు, ట్రాలీతో కలిపి 6.5 లక్షలకు ఇస్తామంటున్నారు. నేను 3.5 లక్షలు పెట్టి, మిగతా 3 లక్షలు 12 శాతం వడ్డీకి మూడేళ్లకు ఫైనాన్స్‌లో తీసుకుందామనుకుంటున్నాను. ధాన్యం, ఇటుకలు తోలితే నెలకు 40 వేలు మిగులుతుందని బ్రోకరు అంటున్నాడు. మా బావేమో సెకండ్‌హ్యాండ్ పికప్ కొనమంటున్నాడు. మిగిలే లక్షన్నరతో ఇంటికి స్లాబ్ వేయించాలి. ఏం చేయమంటారు?

జవాబు: ట్రాక్టరు కొనండి. కానీ ఈ లెక్కతో వద్దు, స్లాబ్ కూడా ఈ ఏడాది వద్దు.

ముందు ఆ 12 శాతం సంగతి. అది ఫ్లాట్ వడ్డీయా అని సూటిగా అడగండి. ఫ్లాట్ అయితే మూడేళ్లకు వడ్డీ 1,08,000, నెల వాయిదా 11,333 రూపాయలు. మీరు అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి 3 లక్షల మీదే పడుతుంది. బ్యాంకులు లెక్కగట్టే పద్ధతిలో చూస్తే అది దాదాపు 21 శాతం. అందుకే ఫైనాన్స్ కాగితాల మీద సంతకం పెట్టే ముందు మీ ఖాతా ఉన్న బ్యాంకులో ముద్ర రుణం (చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం కింద ఇచ్చే అప్పు) అడగండి. వ్యాపారానికి తిప్పే ట్రాక్టరు, ట్రాలీలకూ ఆ పథకం వర్తిస్తుంది. పాత బండి అని మేనేజరు వెనకాడినా ఒకటికి రెండు బ్రాంచీలు తిరగండి. ఈ తేడాకి ఆ తిరుగుడు గిట్టుబాటే.

నెలకు 40 వేలన్నది నేను నమ్మను. సీజన్‌లో రావచ్చు, పన్నెండు నెలలూ రాదు. మన వైపు కోతల నుంచి సంక్రాంతి దాటేవరకు ధాన్యం, ఎండాకాలం ఇటుకలు. వానలు పడితే బట్టీలు ఆగిపోతాయి. నాట్లకు ముందు పొలం దమ్ము చేసే పని కొన్నాళ్లుంటుంది, ఆ తర్వాత కోతల దాకా బండి ఇంటి ముందే. వాయిదా మాత్రం ఆగదు. వంశధార ఇసుకను ఆదాయం కింద రాసుకోకండి. సరైన రశీదు లేకుండా దొరికితే బండి స్టేషన్‌లో ఉంటుంది. ఇద్దరు బట్టీల యజమానులను, ఒక మిల్లరును కలిసి, ఎన్ని ట్రిప్పులు ఖాయంగా ఇస్తారో అడిగి రాసుకోండి. ఆ ఖాయమైన ట్రిప్పుల డబ్బుతోనే, డీజిలు పోను, ఏడాది వాయిదాలు తీరాలి. తీరకపోతే ఈ బండి మీకు వద్దు.

ఆ లక్షన్నర బండికే ఉంచమనేది ఇందుకే. ఆరు నెలల వాయిదాలకే 68,000 పోతుంది. వెనక టైర్ల జత, క్లచ్ ప్లేటు మొదటి ఏడాదిలోనే మార్చాల్సి రావొచ్చు.

ధర దగ్గర గట్టిగా మాట్లాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా 7 లక్షలుండే కొత్త ట్రాక్టరుకు 84 వేల పన్ను పడేది, ఇప్పుడు 35 వేలు. కొత్తది 49 వేలు దిగినప్పుడు పాతది పాత రేటుకే ఎందుకు కొనాలి?

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. ఇంజను చల్లగా ఉండాలి, చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుమంటే ఇంజను రిపేరుకు వచ్చినట్టే. మన దగ్గర ట్రాక్టర్లు దమ్ములో దిగినవే ఎక్కువ కాబట్టి గేర్‌బాక్స్ ఆయిల్ చూడటం మరవొద్దు. తెల్లగా పాలు కలిసినట్టుంటే సీళ్లు పోయి నీళ్లు దిగాయి. తర్వాత ట్రాలీని నిండా లోడ్ చేయించి చెరువు గట్టు ఎక్కించండి. క్లచ్ జారుతోందా అన్నది ఎక్కేటప్పుడు, బ్రేకులు రెండు పక్కలా సమానంగా పడుతున్నాయా అన్నది దిగేటప్పుడు తెలుస్తుంది. ట్రాలీ కొక్కెం దగ్గర, ఛాసిస్ అతుకుల దగ్గర పగుళ్లకు రంగు పూసి అమ్ముతుంటారు. మీరు వెల్డరు, మీ కన్ను దాటిపోదు.

ఇక నాకు అన్నిటికన్నా భయం కాగితాల దగ్గరే. ట్రాలీకి విడిగా ఆర్‌సీ ఉండాలి, బీమా పాలసీలో దాని నంబరూ ఉండాలి. వ్యవసాయానికని రిజిస్టరైన ట్రాక్టరుతో కిరాయికి ఇటుకలు తోలి ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ ఆ మాటే పట్టుకుంటుంది. బాధితులకు కంపెనీ ముందు చెల్లించినా, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అప్పుడు మీ పొలం, ఇల్లు లెక్కలోకి వస్తాయి. కాబట్టి రవాణా వాహనంగా మార్పించుకుని, దానికి తగ్గ బీమా కట్టండి. ఇంకొకటి, ఏ పరిస్థితిలోనూ లోడు మీద కూలీలను ఎక్కించుకోవద్దు.

మీ బావ మాటా కొట్టిపారేసేది కాదు. పలాస జీడిపప్పు విశాఖకు వేసే లాంటి దూరపు పని చేతిలో ఉంటే పికప్పే మేలు. కానీ మీరు రాసిన ఇటుకలు, ధాన్యం పొలం గట్ల మీదుగా మోసే సరుకు. అది ట్రాక్టరు పని.

అడ్వాన్స్ 10 వేలు మించి ఇవ్వకండి. ఆర్‌సీ మీద పాత అప్పు ఉంటే అది తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 వచ్చాకే మిగతా డబ్బు. ఒడిశా బండి అయితే అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ కూడా కావాలి. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద అమ్మినవారి సంతకాలు అదే రోజు తీసుకుని, 30 రోజుల్లోపు పేరు మార్పించుకోండి.