ల్యాప్‌టాప్ ఏది కొనాలి? కాలేజీలో చేరేవాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో సీఎస్‌ఈ సీటు వచ్చిందండి, హాస్టల్లో ఉండాలి. మాది వ్యవసాయం, కంప్యూటర్ల సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. షాపుకెళ్తే సీఎస్‌ఈ అన్నాక గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే తీసుకోవాలి, లేకపోతే రెండో ఏడాదికే మళ్లీ కొనాల్సొస్తుంది అని ఎనభై వేలది చూపించారు. మేం అనుకున్నది యాభై ఐదు వేలు. మిగతాది ఈఎంఐ పెట్టుకోమంటున్నారు. తక్కువది కొంటే రేపు పిల్ల ఇబ్బంది పడుతుందేమోనని భయంగా ఉంది, ఏం చేయమంటారు?
(ఒక తండ్రి, నరసరావుపేట దగ్గర)

జవాబు: ముందు అమ్మాయికి మా తరఫున అభినందనలు చెప్పండి. మీరు అనుకున్న డబ్బులో అమ్మాయి నాలుగేళ్లు వాడుకోగలిగే ల్యాప్‌టాప్ వస్తుందండి, ఇంకో పాతిక వేలు అప్పు చేయాల్సిన అవసరం లేదు. కౌన్సెలింగ్ అయ్యే రోజుల్లో చాలామంది తల్లిదండ్రులకి ఇదే భయం పెడతారు, పిల్లల చదువు అనేసరికి మనం కూడా కాదనలేం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మొదటి ఏడాది సీ లాంగ్వేజ్, పైథాన్ ఉంటాయి, తర్వాత డేటా స్ట్రక్చర్స్, జావా, డీబీఎంఎస్ వస్తాయి, వీటిల్లో దేనికీ గ్రాఫిక్స్ కార్డుతో పనిలేదు. అది కావాల్సింది గేములకి, వీడియో ఎడిటింగ్‌కి, త్రీడీ పనికి, ఇంకా మెషిన్ లెర్నింగ్‌లో మోడల్స్ ట్రైన్ చేయడానికి. ఆ చివరిది మూడో ఏడాదిలో వచ్చినా గూగుల్ కోలాబ్, కాగుల్ లాంటి వెబ్‌సైట్లలో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్పే) ఫ్రీగా వాడుకోవచ్చు, గంటల లిమిట్ ఉంటుంది గానీ కాలేజీ ప్రాజెక్టుకి సరిపోతుంది. పైగా గేమింగ్ ల్యాప్‌టాప్ చాలావరకు రెండు కిలోల పైనే ఉంటుంది, చార్జర్ బరువు వేరే, చార్జింగ్ కూడా తొందరగా అయిపోతుంది. క్లాస్‌రూమ్‌లో ప్రతి బెంచికీ ప్లగ్ పాయింట్ ఉండదు కదండీ. అమ్మాయి రోజూ మోసుకెళ్లాలి కాబట్టి కిలోన్నర, కిలో ఏడు వందల గ్రాముల మధ్యలో ఉన్నది చూడండి.

డబ్బు పెట్టాల్సింది ర్యామ్ మీద, అంటే తెరిచి ఉన్న పనులన్నీ మెషిన్ పెట్టుకునే మెమరీ. 16 జీబీ ఉంటే నాలుగేళ్లు నిశ్చింత. 8 జీబీ అయితే విండోస్ 11, పది పదిహేను ట్యాబులు తెరిచిన బ్రౌజరు, పక్కన ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో కలిసేసరికి నిండిపోయి మెషిన్ నత్తనడక నడుస్తుంది. షాపులో తప్పకుండా ఒక మాట అడగండి, ర్యామ్ పెంచుకోవడానికి స్లాట్ ఉందా అని. పల్చటి మోడల్స్‌లో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, అలాంటిది 8 జీబీది కొంటే జీవితాంతం 8 జీబీనే. స్లాట్ ఖాళీగా ఉంటే ఇప్పుడు 8తో తీసుకుని తర్వాత ఇంకో 8 వేయించుకోవచ్చు, అది సర్వీస్ సెంటర్‌లోనే వేయించండి, వారంటీకి ఇబ్బంది రాదు.

ఇక ప్రాసెసర్, ల్యాప్‌టాప్‌కి మెదడు లాంటి చిప్. ఇంటెల్ ఐ5 అనో ఏఎండీ రైజెన్ 5 అనో స్టిక్కర్ చూసి ఆగిపోకండి, వెనకున్న పూర్తి నంబర్ చదవాలి. ఉదాహరణకి రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ, వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ మొదటి దాంట్లో కోర్లు (పని పంచుకునే భాగాలు) నాలుగే, డిజైన్ కూడా 2019లో వచ్చిన జెన్ 2, రెండో దాంట్లో ఆరు కోర్లు, డిజైన్ దానికంటే కొత్తదైన జెన్ 3. ఏడు వేల నంబర్లున్న రైజెన్‌లలో మూడో అంకె చూస్తే తెలిసిపోతుంది, 2 అంటే జెన్ 2, 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4. ఇంటెల్‌లో అయితే చివర యూ అని ఉన్నవి కరెంటు తక్కువ తాగుతాయి, హెచ్ ఉన్నవి స్పీడు ఎక్కువ, వేడి కూడా ఎక్కువ. అమ్మాయి చదువుకి యూ చాలు. మిగతావి తేలిగ్గా చూసుకోవచ్చు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్కు), ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ స్క్రీన్ (పక్కనుంచి చూసినా రంగులు మారనిది), విండోస్ వేసి ఉందా లేక డాస్ మెషినా. డాస్ అంటే విండోస్ మీరు వేరే కొనుక్కోవాలి, ధర తక్కువ కనపడటానికి అదో కారణం.

నో కాస్ట్ ఈఎంఐ అన్నా కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడుతుంటాయి, కాగితం చదివి సంతకం పెట్టండి. ఫీజు కోసం బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటున్నట్టయితే, కోర్సుకి అవసరమైన కంప్యూటర్ ఖర్చు కూడా అందులో కలపడానికి వీలుంటుంది, మేనేజర్‌ని అడగండి, కొటేషన్ పట్టుకెళ్లండి.

ఇంకోటి, కాలేజీ తెరవకముందే కొనేయాలని తొందరపడకండి. కొన్ని కాలేజీల్లో ఫస్ట్ ఇయర్ వాళ్లకి హాస్టల్లో ల్యాప్‌టాప్ పెట్టుకోనివ్వరు, ల్యాబులో సిస్టమ్స్ ఎలాగూ ఉంటాయి. చేరాక ఒక వారం సీనియర్ అమ్మాయిలతో మాట్లాడమనండి, ఏది వాడుతున్నారో, ఏది రిపేరుకొచ్చిందో, ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉందో వాళ్లు చెప్తారు.

ప్రశ్న: అన్నా, నేను కరీంనగర్‌ల బీకాం కంప్యూటర్స్ చేరుతున్న. నా దగ్గర ఇరవై వేలే ఉన్నయి. ఒక షాపుల సెకండ్ హ్యాండ్ ఐ5 ఆరో జనరేషన్ ల్యాప్‌టాప్ పదిహేను వేలకి ఇస్తమంటున్నరు. తీసుకోవచ్చా?
(డిగ్రీ విద్యార్థి)

జవాబు: సెకండ్ హ్యాండ్ తీసుకో తమ్ముడూ, కానీ ఆరో జనరేషన్ది వద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ లేదా ఆ పైది ఉండాలి. ఆరో జనరేషన్ మీద అడ్డదారిలో విండోస్ 11 వేసి అమ్ముతుంటారు, అప్‌డేట్స్ వస్తాయన్న గ్యారంటీ లేదు. ఆ ఇరవైలోనే ఎనిమిదో జనరేషన్ లేదా పై ఆఫీసు ల్యాప్‌టాప్ కోసం నాలుగు షాపులు తిరుగు, ఆఫీసులకి చేసిన మోడల్స్ గట్టిగా ఉంటాయి. నీకు కావాల్సింది ట్యాలీ, ఎక్సెల్, కొంచెం ప్రోగ్రామింగ్, వీటికి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా నడుస్తాయి. ట్యాలీప్రైమ్‌లో నేర్చుకునేవాళ్ల కోసం ఎడ్యుకేషన్ మోడ్ ఫ్రీగా ఉంది, నెలలో కొన్ని తేదీల్లోనే ఎంట్రీలు వేయనిస్తుంది, ప్రాక్టీసుకి అది చాలు.

డబ్బు ఇచ్చే ముందు విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి చూపించమను, డిజైన్ కెపాసిటీకి (కొత్తలో పట్టే చార్జికి) ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) సగమే ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమను. ఆపి మళ్లీ ఆన్ చేసి బయోస్‌కి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌కి) పాస్‌వర్డ్ ఉందేమో చూడు, పాత కంపెనీ లాక్ అలాగే ఉండిపోతే తర్వాత నానా తిప్పలు. కీబోర్డు ప్రతి అక్షరం కొట్టి చూడు, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో.

ప్రశ్న: మాది మెకానికల్ బ్రాంచ్. డల్లాస్‌లో ఉన్న మా మామయ్య వచ్చే నెల వస్తూ మ్యాక్‌బుక్ ఎయిర్ తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?
(బీటెక్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: మెకానికల్‌కి వద్దు. మెషిన్ చాలా బాగుంటుంది, చార్జింగ్ రోజంతా వస్తుంది, కాదనను. కానీ నువ్వు నేర్చుకోవాల్సిన సాలిడ్‌వర్క్స్, కాటియా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు మ్యాక్‌లో నడవవు, ఇప్పటి ఎం సిరీస్ చిప్పుల్లో బూట్ క్యాంప్ కూడా లేదు కాబట్టి పాత మ్యాక్‌ల్లోలా పక్కన విండోస్ వేసుకోలేవు. ఆటోక్యాడ్ ఒక్కటీ మ్యాక్‌కి ఉంది, దాని కోసమే కొనలేం కదా. మొదటి జవాబులో సీఎస్‌ఈకి గ్రాఫిక్స్ కార్డు వద్దన్నాను గానీ నీ బ్రాంచ్‌కి మాత్రం పనికొస్తుంది, పెద్ద అసెంబ్లీలు (చాలా భాగాలు కలిపిన డిజైన్లు) తిప్పి చూసేటప్పుడు తేడా తెలుస్తుంది, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050 కార్డు స్థాయిది చాలు, ర్యామ్ మాత్రం 16 జీబీ తగ్గొద్దు.

మామయ్యని విండోస్ ల్యాప్‌టాప్ తెమ్మని అడుగు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ని కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆయన కొనేముందు ఆ మోడల్‌కి ఇండియాలో వారంటీ చెల్లుతుందా అని కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోమను, చెల్లదంటే ఇక్కడే కొనుక్కో.