విజయవాడలో తక్కువ అద్దెకు సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు ఎలా వెతకాలి?

బెంజ్ సర్కిల్, మొగల్రాజపురం, లబ్బీపేట అద్దెలు చూసి బెంగపడకండి. బందరు రోడ్డులో కానూరు, పోరంకి దాకా వెళ్తే అద్దె తగ్గుతుంది, సిటీ బస్సులూ బాగానే ఉంటాయి. సింగ్‌నగర్, పాయకాపురం కూడా చవకే. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ముంచింది అక్కడే. ఆ వైపు చూస్తే గ్రౌండ్ ఫ్లోర్ వద్దు, అప్పుడు నీళ్లు ఎంతెత్తు వచ్చాయో పక్కింటివాళ్లనే అడగండి. ఓనరు చెప్పేదానికన్నా అది నమ్మొచ్చు.

అపార్ట్‌మెంట్లలో సింగిల్ బెడ్‌రూమ్‌లు అరుదు. బిల్డర్లు కట్టేవి ఎక్కువగా డబుల్, ట్రిపులే. అందుకని సొంతిళ్ల మేడ మీది పోర్షన్లు చూడండి. వీటిలో చాలావరకు యాప్‌లలోకి రావు, గేటుకు టులెట్ బోర్డు వేలాడదీస్తారంతే. సాయంత్రాలు బండి మీద వీధులు తిరగాలి. ఇస్త్రీ బండి అతన్నీ, కిరాణా కొట్లోనూ అడిగితే బ్రోకర్ కమీషన్ మిగులుతుంది.

బేరానికి మంచి కాలం ఆషాఢం. కొత్త ఇంట్లో దిగడానికి చాలామంది ఇష్టపడరు కాబట్టి ఖాళీ పోర్షన్ ఉన్న ఓనరు కాస్త మెత్తబడతాడు. మీకు పట్టింపు లేకపోతే అప్పుడే దిగండి. బ్యాచిలర్లయితే ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పేయండి, తిరుగుడు తప్పుతుంది.

అడ్వాన్సు ఇచ్చేముందు కరెంటు మీటరు విడిగా ఉందా, నీళ్ల మోటారు ఖర్చు అద్దెలోనేనా, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు అన్నవి తేల్చుకుని, 11 నెలల అగ్రిమెంటులో రాయించుకోండి.